ఏసీ గ్యాస్ ఎక్కడికి పోతోంది?

ఏటా వేసవికి ముందు కారులో గ్యాస్ కొట్టించాల్సి వస్తోందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. పాత కారులో ఆ చిల్లును పట్టుకోవడం పెద్ద విద్య. గ్యాస్‌కు బేరమాడకుండా డబ్బులిచ్చే మనం, ఆ వెతుకులాటకు మాత్రం కూలి ఇవ్వడానికి వెనకాడతాం.

ఉగాది పచ్చడి రుచి నాలుక మీద ఉండగానే విజయవాడ ఆటోనగర్‌లో ఏసీ షెడ్ల ముందు కార్లు బారులు తీరతాయి. ఎత్తిన బానెట్లు, వాటికి వేలాడే గేజీ మీటర్లు, నీలం, ఎరుపు, పసుపు గొట్టాలు. పదేళ్లు దాటిన శాంత్రోలు, ఇండికాలు, వ్యాగనార్‌లు, అక్కడక్కడా ప్రాణంలా చూసుకుంటున్న ఓ మారుతి 800. కారాయన ‘‘చల్లగా రావట్లేదు’’ అంటాడు. మెకానిక్ ‘‘గ్యాస్ అయిపోయింది సార్, కొట్టేద్దాం’’ అంటాడు. గంట తిరక్కుండా ఇద్దరూ సంతోషంగా విడిపోతారు. దసరా నాటికి చల్లదనం తగ్గుతుంది. అప్పటికి ఎండలు పోయాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మళ్లీ ఉగాది వస్తుంది.

ఆ ఇద్దరూ కలిసి నమ్ముతున్న అబద్ధం ఒకటుంది. ఏసీ గ్యాస్ అయిపోయే సరుకు కాదు. పెట్రోలు మండిపోతుంది. ఇంజనాయిలు నల్లబడి చెడిపోతుంది. బ్రేకు లైనింగు అరుగుతుంది. ఏసీ గ్యాస్‌కు ఈ మూడింటిలో ఒక్కటీ జరగదు. కంప్రెషర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లో ఆ వేడి వదిలి ద్రవంగా మారుతుంది. డ్రయ్యర్‌లో చెమ్మ వదిలించుకుంటుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నని దారిలోంచి దూరి, డ్యాష్‌బోర్డు వెనక ఉన్న కూలింగ్ కాయిల్‌లో మళ్లీ ఆవిరవుతూ కారు లోపలి వేడిని పీల్చుకుంటుంది. అక్కడి నుంచి తిరిగి కంప్రెషర్‌కు. తిరిగిన గ్యాసే తిరుగుతుంటుంది. కొత్త కారులోనూ రబ్బరు గొట్టాల గుండా, సీళ్ల గుండా ఏడాదికి కొన్ని గ్రాములు జారిపోయే మాట నిజమే. ఆ లోటు చాలా ఏళ్లకు గానీ తెలియదు. ఏడాది తిరిగేసరికి ఏసీ చల్లబరచడం మానేసిందంటే పోతున్నది గ్రాములు కాదు, వందల గ్రాములు.

చిన్న కారులో మొత్తం పట్టేది అర కిలో, అటూ ఇటూ. ఎంతో కచ్చితంగా తెలియాలంటే బానెట్ లోపలి స్టిక్కర్ చూడాలి. అందులో గ్యాస్ పేరూ, గ్రాముల లెక్కా ఉంటాయి. పాత కార్లలో ఈ స్టిక్కర్ చిరిగో, రంగు కింద పడో పోయి ఉంటుంది. అప్పుడు మోడల్ పుస్తకం వెతుక్కోవాలి. అదీ లేకపోతే మెకానిక్ చెయ్యి ఎంత పోస్తే అంత.

గేజీ చెప్పని సంగతి

చాలామంది మెకానిక్కులు కారు రాగానే గేజీ తగిలిస్తారు. ముల్లు చూసి ‘‘ప్రెషర్ బాగానే ఉంది, గ్యాస్ ఫుల్లుగా ఉంది’’ అంటారు. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఆ ముల్లుకు గ్యాస్ ఎంత ఉందో తెలియదు.

పాత కార్లలో వాడే ఆర్-134ఏ గ్యాస్ మామూలు గాలి పీడనంలో సున్నాకు 26 డిగ్రీల దిగువనే మరుగుతుంది. మూసిన గొట్టాల్లో అది కొంత ద్రవంగా, కొంత ఆవిరిగా ఉంటుంది. ద్రవం కాస్త మిగిలి ఉన్నంతవరకూ లోపలి ఒత్తిడిని నిర్ణయించేది ఉష్ణోగ్రత ఒక్కటే. చల్లారిన కారుకు 30 డిగ్రీల నీడలో గేజీ పెడితే దాదాపు 97 పీఎస్ఐ, 35 డిగ్రీల్లో 114 దాకా చూపిస్తుంది. లోపల 500 గ్రాములున్నా అంతే, 250 ఉన్నా అంతే. ద్రవమంతా అయిపోయి ఆవిరి ఒక్కటే మిగిలాక గానీ ముల్లు కిందికి జారదు. అప్పటికి సగం పైనే పోయి ఉంటుంది. ఎంత ఉందో తెలుసుకోవడానికి దారి ఒక్కటే: ఉన్నదంతా రికవరీ మిషన్‌లోకి లాగి తూకం వేయడం.

ఇంజను నడుస్తుండగా గేజీ చెప్పే మాటలకు మాత్రం విలువ ఉంది. మన వేసవిలో బాగున్న సిస్టమ్‌లో కూలింగ్ కాయిల్ వైపు, అంటే లో-సైడు, 30, 40 పీఎస్ఐ దగ్గర, కండెన్సర్ వైపు, అంటే హై-సైడు, 200 నుంచి 250 మధ్య ఆడుతుంది. రెండూ కలిసి పడిపోతే గ్యాస్ తక్కువ. కంప్రెషర్ క్లచ్చు నిమిషానికి పదిసార్లు టక్కుమని అంటుకుని విడిపోతుంటే లో-ప్రెషర్ స్విచ్చు దాన్ని ఆపేస్తోందని అర్థం. గ్యాస్ తగ్గితే నష్టం చల్లదనంతో ఆగదు. కంప్రెషర్‌కు కావలసిన నూనె గ్యాస్‌తో కలిసే తిరిగి రావాలి. గ్యాస్ పలచబడితే నూనె కాయిల్‌లోనే నిలిచిపోతుంది. పొడిగా తిరిగిన కంప్రెషర్ అరిగి, ఆ అరిగిన పొడి కండెన్సర్ సందుల్లోకి చేరుతుంది. వందల్లో పోయే బేరం వేలల్లోకి వెళ్లేది అక్కడే.

అలాగని చల్లగా రాని ప్రతి ఏసీకీ లీకు అంటగట్టకూడదు. కారు రోడ్డు మీద పరుగెడుతున్నప్పుడు చల్లగా ఉండి, బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర వేడి గాలి వస్తుంటే ముందు కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడాలి. దుమ్ముతో మూసుకుపోయిన క్యాబిన్ ఫిల్టర్, వదులైన బెల్టు, పురుగులూ మట్టీ పేరుకున్న కండెన్సర్ కూడా ఇదే ఫిర్యాదు తెస్తాయి.

నూనె మరక

ఈ గ్యాస్‌కు రంగు లేదు, ముక్కుకు తెలిసే వాసనా లేదు. కానీ అది ఒంటరిగా పోదు. తనతో తిరిగే నూనెను కాస్త వెంట తీసుకుపోతుంది. గ్యాస్ గాలిలో కలిసిపోతుంది, నూనె అక్కడే మిగులుతుంది. దాని మీద దుమ్ము పడుతుంది. అందుకే మంచి మెకానిక్ మొదట వాడే పరికరాలు తన రెండు కళ్లు, ఒక టార్చిలైటు, ఒక చిన్న అద్దం. ఇంజను గదిలో అన్ని చోట్లా పొడిగా ఉన్న దుమ్ము ఒక్క నట్టు చుట్టూ జిడ్డుగా, నల్లగా ముద్దకట్టి ఉంటే అక్కడ ఆగాలి. పని చేయించుకునే ముందు ఇంజనును నీళ్లతో కడిగించి మెరిపించే వాళ్లున్నారు. పాపం, వాళ్లు సాక్ష్యాన్ని కడిగేసి వస్తున్నారు.

పాత కారులో అనుమానితులు మరీ ఎక్కువ మంది ఉండరు. అందరికన్నా ముందు చూడాల్సిందీ, అందరూ మరిచేదీ గ్యాస్ కొట్టే చోటనే ఉండే పిన్ను వాల్వు. సైకిల్ ట్యూబు వాల్వులో ఉండే పిన్ను లాంటిదే ఇది. ఏటా గ్యాస్ కొట్టిన ప్రతిసారీ దాన్ని నొక్కుతారు, దాని రబ్బరు చితుకుతుంది. పైన ఉండాల్సిన ప్లాస్టిక్ మూత ఎప్పుడో ఏ షెడ్డులోనో పోయి ఉంటుంది. ఆ మూత అలంకారానికి పెట్టింది కాదు, లోపల రబ్బరు వాషరుతో రెండో తాళం అది. గేజీ తీసేశాక అక్కడ ఒక చుక్క సబ్బు నీళ్లు వేసి చూస్తే చాలు. బుడగ లేచిందంటే అతి తక్కువ ఖర్చుతో బయటపడ్డట్టే. లీకు పట్టుకోవడానికి ఇంత సులువైన చోటును వదిలి నేరుగా కూలింగ్ కాయిల్ మీద నింద వేసే తొందర ఈ వృత్తిలో ఉంది. కాయిల్ మారిస్తే వచ్చే లాభం పిన్ను మారిస్తే రాదనుకోండి.

తర్వాత కీళ్లు. ప్రతి గొట్టం కలిసే చోట ఒక ఓ-రింగు ఉంటుంది. పదిహేనేళ్ల వేడికి రబ్బరు గట్టిపడి, గుండ్రటి ఒళ్లు పలకబారిపోతుంది. కంప్రెషర్ ముందు భాగంలో తిరిగే షాఫ్టు చుట్టూ ఉండే సీలు మరో చోటు. అది కారితే క్లచ్చు వేగానికి నూనె చిమ్మి, బానెట్ లోపలి వైపు సన్నని చార పడుతుంది. కండెన్సర్ బంపరు వెనకే ఉంటుంది కాబట్టి లారీల చక్రాల కింద నుంచి లేచే కంకరకు ముందుగా దొరికేది అదే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పు గాలి దాని అల్యూమినియాన్ని మెల్లగా తినేస్తుంది. అక్కడి కార్లలో కండెన్సర్ అడుగు వరసలను వేలితో తడిమితే రెక్కలు పొడిపొడిగా రాలతాయి. ఇంజను కదిలినప్పుడల్లా ఊగే రబ్బరు గొట్టాలు, వాటిని అల్యూమినియం పైపుకు నొక్కి బిగించిన క్రింపులు, ప్రెషర్ స్విచ్చు మొదలు కూడా చూడాలి.

వెతకడంలో ఒక కిటుకు ఉంది. అది తెలిసిన మెకానిక్కుకూ తెలియని మెకానిక్కుకూ సగం రోజు తేడా వస్తుంది. ఏసీ నడుస్తున్నప్పుడు కూలింగ్ కాయిల్ ఉండే లో-సైడులో ఒత్తిడి 30, 40 పీఎస్ఐ మాత్రమే. ఇంజను ఆపి పది నిమిషాలు ఆగితే రెండు వైపులా సమానమై ఆ వైపు ఒత్తిడి మూడింతలవుతుంది. అందుకే లో-సైడు లీకులను బండి ఆపాక వెతకాలి. కండెన్సర్, హై-సైడు గొట్టాల లీకులను ఏసీ గట్టిగా నడిపి, ఆపిన వెంటనే వెతకాలి. రెండింటినీ ఒకే పూటలో ఒకే పద్ధతిలో చూసేవాడికి ఏదో ఒకటి తప్పిపోతుంది.

సబ్బు నురుగు మోస్తరు లీకులను పట్టిస్తుంది. చిన్నవాటికి ఎలక్ట్రానిక్ డిటెక్టర్ కావాలి. షెడ్లలో దీన్ని స్నిఫర్ అంటారు. మంచి స్నిఫర్ ఏడాదికి 4 గ్రాములు మాత్రమే పోయే లీకును కూడా పసిగట్టాలని అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంస్థ ఎస్ఏఈ ప్రమాణం పెట్టింది. ఇంత సున్నితమైన పరికరాన్ని పట్టుకుని, పక్కనే పెడెస్టల్ ఫ్యాన్ ఫుల్లుగా తిప్పుతూ వెతికితే ఏం దొరుకుతుంది? ఫ్యాన్ ఆపాలి. ఈ గ్యాస్ గాలి కన్నా దాదాపు మూడున్నర రెట్లు బరువు, కిందికి దిగుతుంది. కాబట్టి ప్రతి కీలు అడుగు వైపున, మొనను అర సెంటీమీటరు దూరంలో ఉంచి, చీమ నడిచినట్టు జరపాలి. సబ్బు నీళ్లు వేశాక స్నిఫర్ పెట్టకూడదు, తడికి అది పాడవుతుంది. పెట్రోలు ఆవిరికీ, క్లీనింగ్ స్ప్రేలకూ అది ఊరికే కూస్తుంది. ఒక్కసారి కూసిందని నమ్మకుండా, పక్కకు తీసుకెళ్లి గాలి పట్టించి మళ్లీ పెట్టి చూడాలి.

మూడో దారి రంగు నూనె. గ్యాస్‌తోపాటు కొద్దిగా మెరిసే రంగు ఎక్కించి, నాలుగు రోజులు కారు తిప్పి, చీకటిపడ్డాక అల్ట్రావయొలెట్ లైటు వేసి పసుపు అద్దాల్లోంచి చూస్తే, లీకైన చోట చిలకాకుపచ్చ మెరుపు కనిపిస్తుంది. ఒక రోజులో బయటపడని మొండి లీకులకు ఇది మంచి మందు. పాత కారులో చిక్కేమిటంటే ఇంతకు ముందు చూసిన మెకానిక్ కూడా రంగు వేసి ఉంటాడు. అప్పటి మరకలు తుడవకపోతే ఎప్పుడో బాగైన కీలును మళ్లీ విప్పుతారు.

పచ్చని మంట

కారులో ఏసీ పెట్టి అమ్మిన మొదటి కంపెనీ అమెరికాలోని ప్యాకార్డ్, 1939లో. దాని కూలింగ్ కాయిల్ డిక్కీలో సగం ఆక్రమించేది. కంప్రెషర్‌కు క్లచ్చు లేదు. ఏసీ వద్దనుకుంటే కారు ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. అప్పటి నుంచి 1990ల దాకా కార్లలో వాడింది ఆర్-12. మన అంబాసిడర్లలో, తొలి మారుతి 800లలో ఏసీ ఉందంటే అదే గ్యాస్.

ఆర్-12 లీకును వెతకడానికి పాత మెకానిక్కుల దగ్గర హాలైడ్ టార్చి ఉండేది. చిన్న మంట, దాని పైన ఎర్రగా కాలే రాగి బిళ్ల, గాలి పీల్చే సన్నని గొట్టం. గొట్టం మొనను కీళ్ల దగ్గర తిప్పుతుంటే, గ్యాస్ తగిలిన చోట నీలి మంట పచ్చగా మారిపోతుంది. ఆర్-12లో క్లోరిన్ ఉండటం వల్ల ఆ రంగు. కరెంటు అక్కర్లేని, చూడటానికి ముచ్చటైన పరికరం. దాని ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఆ గ్యాస్ మంటలో కాలితే పుట్టే వాటిలో ఫాస్జీన్ ఒకటి, మొదటి ప్రపంచయుద్ధంలో వాడిన విషవాయువు. ఊపిరి బిగబట్టి వెతికే విద్య అది.

అదే క్లోరిన్ పైకి వెళ్లి ఓజోన్ పొరను తింటుందని 1974లో మోలినా, రోలాండ్ చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. కార్లు ఆర్-134ఏకు మారాయి. ఇందులో క్లోరిన్ లేదు కాబట్టి హాలైడ్ టార్చి మంట రంగు మారదు, ఆ పరికరం మూలకు చేరింది. అయితే 134ఏ కూడా మంటలో పడితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషాలు పుడతాయి. ఏసీ పని చేస్తూ బీడీ వెలిగించే అలవాటు ఉన్నవాళ్లు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవాలి.

ఆర్-12 కోసం తయారైన పాత కారును 134ఏకు మార్చేటప్పుడు గ్యాస్ ఒక్కటే మార్చి ఊరుకుంటే కుదరదు. పాతది ఖనిజ నూనెతో నడిచేది, కొత్తది దాన్ని తనలో కలుపుకోదు. పీఏజీ గానీ ఎస్టర్ గానీ వేరే నూనె పోయాలి. నల్ల ఓ-రింగుల స్థానంలో 134ఏకు సరిపడే హెచ్‌ఎన్‌బీఆర్ రబ్బరువి వేయాలి, ఇవి సాధారణంగా ఆకుపచ్చ రంగులో వస్తాయి. డ్రయ్యర్ మార్చాలి. పాత రబ్బరు గొట్టాల గుండా కొత్త గ్యాస్ త్వరగా జారిపోతుంది, లోపల నైలాన్ పొర ఉన్న గొట్టాలు మేలు. ఇన్ని చేసినా పాత కండెన్సర్ చిన్నదైతే మే నెల మధ్యాహ్నం అది చేతులెత్తేస్తుంది. వింటేజ్ కార్ల మీద మోజున్నవాళ్లకు ఇది ముందే చెప్పడం న్యాయం.

డ్యాష్‌బోర్డు వెనక

కళ్లు, సబ్బు, స్నిఫర్ అన్నీ ఓడిపోయాక మిగిలే అనుమానం కూలింగ్ కాయిల్. అది కనిపించదు. బ్లోయర్ గూటిలో, డ్యాష్‌బోర్డు వెనక చీకట్లో ఉంటుంది. దాని ఒళ్లు ఎప్పుడూ తడి. ఆ తడికి దుమ్ము, ఎండుటాకులు, పూల రెక్కలు అంటుకుని కుళ్లి, అల్యూమినియానికి సన్నని చిల్లులు పడతాయి. చెట్టు కింద ఆపే కార్లలో ఇది మరీ ఎక్కువ.

డ్యాష్‌బోర్డు దించకుండా దాన్ని పరీక్షించే పద్ధతి ఉంది. కాసేపు ఏసీ నడిపి, ఇంజనూ బ్లోయరూ ఆపేసి, అద్దాలు మూసి పావుగంట వదిలేయాలి. లీకైన గ్యాస్ బరువుగా కాయిల్ గూటి అడుగుకు చేరుతుంది. కారు కిందికి నీళ్లు కారే గొట్టం దగ్గర, నీటి చుక్క తగలకుండా, స్నిఫర్ పెడితే తెలిసిపోతుంది. రంగు నూనె వేసి ఉంటే ఆ నీళ్లలోనే మెరుపు కనిపిస్తుంది. ఈ పరీక్ష చేయకుండా ‘‘కాయిల్ పోయింది’’ అన్నవాళ్ల దగ్గర డ్యాష్‌బోర్డు దించనివ్వకండి. పాత కారులో దించిన డ్యాష్‌బోర్డు తిరిగి ఎక్కాక కిర్రుకిర్రుమనకుండా ఉండటం అరుదు. క్లిప్పులు విరుగుతాయి, రెండు స్క్రూలు మిగులుతాయి.

తేలని కేసులకు నైట్రోజన్. ఉన్న గ్యాస్‌ను రికవరీ మిషన్‌లోకి తీసేసి, రెగ్యులేటర్ పెట్టి పొడి నైట్రోజన్‌ను 150 పీఎస్ఐ దాకా ఎక్కించి, ముల్లు మీద గీత గీసి వదిలేస్తారు. కీళ్లన్నిటికీ సబ్బు నురుగు పూస్తారు. ఇక్కడా ఒక మెలిక ఉంది. పొద్దున 32 డిగ్రీల్లో నింపి మధ్యాహ్నం 42లో చూస్తే లీకు లేకపోయినా ముల్లు దాదాపు 5 పీఎస్ఐ పెరగాలి. ‘‘ముల్లు కదల్లేదు, లీకు లేదు’’ అని సంబరపడితే ఆ ఐదూ ఎక్కడికి పోయాయో అడగండి. అనుమానమున్న భాగాన్ని విప్పి, రెండు చివరలా బిరడాలు బిగించి, నైట్రోజన్ పట్టించి నీళ్ల తొట్టిలో ముంచితే వాదనలు ఉండవు. నైట్రోజన్ లేదని పక్క వెల్డింగ్ షెడ్డు నుంచి ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి పెట్టడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్, నూనె కలిస్తే పేలుతుంది.

విప్పి బిగించడం

చిల్లు దొరికాక మరమ్మతు చాలాసార్లు చిన్నపనే. ఓ-రింగు మారిస్తే అదే సైజుది, కొత్తది, నూనె రాసి పెట్టాలి. గ్రీజు రాయకూడదు, ట్యాప్ మరలకు చుట్టే టెఫ్లాన్ టేపు ఇక్కడ అక్కరకు రాదు. అల్యూమినియం నట్టు విప్పేటప్పుడు రెండు పానాలు పట్టాలి. ఒక్క పానాతో లాగితే పైపు మెలిపడి, ఉన్న లీకుకు ఇంకోటి తోడవుతుంది. గొట్టం క్రింపు దగ్గర కారుతుంటే ఆటోనగర్‌లోనే కొత్త గొట్టం కోసి మిషన్ మీద నొక్కి ఇచ్చేవాళ్లున్నారు. దాన్ని వదిలేసి నీళ్ల పైపు క్లిప్పు బిగించి పంపిస్తే అది వారం ఆగదు. కండెన్సర్‌కు అల్యూమినియం వెల్డింగ్ కొన్నిసార్లు నిలుస్తుంది. కూలింగ్ కాయిల్‌కు ఎం-సీల్ పెట్టి, డ్యాష్‌బోర్డు బిగించేసే మొనగాళ్లకు దండం పెట్టి బయటకు రావడమే. కంప్రెషర్ షాఫ్టు సీలు విడిగా దొరికితే మార్చవచ్చు, క్లచ్చు ఊడదీయడానికి దానికి తగిన పుల్లరు ఉన్నవాడి చేత.

సిస్టమ్ విప్పారంటే డ్రయ్యర్ మార్చాల్సిందే. అందులోని గుళికలు బయటి గాలి తగిలిన కొద్దిసేపటికే చెమ్మ తాగేసి ఉంటాయి.

ఇక వాక్యూమ్. దీని మీద ఉన్నంత అపోహ మరి దేని మీదా లేదు. ‘‘పావుగంట వాక్యూమ్ పట్టించాం, ముల్లు ఆగింది, లీకు లేదు’’ అంటారు. వాక్యూమ్‌లో లోపలికీ బయటికీ తేడా ఒక్క వాతావరణ పీడనం, అంటే 15 పీఎస్ఐ లోపే. అదీ లోపలి వైపుకు. నడిచేటప్పుడు అదే కీలు మీద 250 పీఎస్ఐ బయటికి తోస్తుంది. వాక్యూమ్‌లో గట్టిగా అతుక్కున్న సీలు ఒత్తిడిలో వదిలేయవచ్చు. వాక్యూమ్ అసలు పని చెమ్మను తీయడం. ఒత్తిడి తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీరు, పాదరసం 24 మిల్లీమీటర్ల ఒత్తిడి దగ్గర 25 డిగ్రీలకే ఆవిరవుతుంది. లోపలి తడిని అలా మరిగించి పంపు బయటికి లాగేస్తుంది. దానికి మంచి పంపు, కనీసం అరగంట, గాలి చెమ్మగా ఉన్న వానాకాలంలో ఇంకా ఎక్కువ సమయం కావాలి. మిగిలిన తడి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచుగడ్డ కట్టి దారి మూస్తుంది, నూనెతో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. అంటే కొత్త లీకుకు విత్తనం వేసినట్టే.

నింపేటప్పుడు కాటా ముఖ్యం. పోయిన నూనెకు తగినంత నూనె, స్టిక్కర్ చెప్పినన్ని గ్రాముల గ్యాస్. ఆర్-12 రోజుల్లో లోపలి ద్రవం కనిపించే చిన్న గాజు కిటికీలో బుడగలు పోయేదాకా నింపేవారు. 134ఏకు ఆ లెక్క నమ్మదగింది కాదు. ‘‘ఎండలెక్కువ, ఇంకో వంద గ్రాములు వెయ్యి తమ్ముడూ’’ అని అడిగి మరీ పోయించుకునే వాళ్లుంటారు. ఎక్కువైన గ్యాస్ కండెన్సర్‌లో ద్రవంగా నిండిపోయి, వేడి వదలడానికి చోటు లేకుండా చేస్తుంది. హై-సైడు ఒత్తిడి పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగలడం సామెత. గొట్టాలు పగలడం మాత్రం నిజంగా జరుగుతుంది.

డబ్బాలో ఏముంది?

అమెరికాలో ఉంటున్న మన పిల్లలు చాలామంది మొదట కొనేది పాత కరోలానో, పాత సివిక్కో. టెక్సస్ ఎండకు ఏసీ ఆగిపోతే ఆటో పార్ట్స్ దుకాణంలో చిన్న డబ్బా దొరుకుతుంది, మనమే కొట్టుకోవచ్చు. 2018 నుంచి ఈ చిన్న డబ్బాలకు తనంతట తాను మూసుకునే వాల్వు ఉండాలని అక్కడి నిబంధన, మిగిలిన గ్యాస్ గాలిలో కలవకుండా. వీటిలో చాలావాటిలో గ్యాస్‌తోపాటు లీకు మూసే మందు కూడా కలిపి ఉంటుంది. దాని జోలికి పోకపోవడం మంచిదని నా మాట. చెమ్మ తగిలితే గట్టిపడే రకాలు ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌నూ, తర్వాత పని చేసే మెకానిక్ రికవరీ మిషన్‌నూ మూసేయగలవు. ఆ మందు పడ్డ కారును ముట్టుకోమనే షాపులున్నాయి. ముల్లు పచ్చ రంగులోకి వచ్చేదాకా కొట్టమని డబ్బా మీది గేజీ చెబుతుంది. అది చూసేది లో-సైడు ఒక్కటే, లోపల ఎన్ని గ్రాములు ఉన్నాయో దానికీ తెలియదు.

మన దగ్గర భయం వేరు. చవకగా దొరికే గ్యాస్ అసలు 134ఏనేనా? 2011లో వియత్నాం, బ్రెజిల్‌లలో శీతల కంటెయినర్లు పేలి ముగ్గురు కార్మికులు చనిపోయారు. వాటిలో 134ఏ పేరుతో నింపిన సరుకులో మిథైల్ క్లోరైడ్ కలిసి ఉంది. అది అల్యూమినియంతో కలిసి, గాలి తగలగానే అంటుకునే పదార్థంగా మారుతుంది. కారు కండెన్సర్, కాయిల్ అన్నీ అల్యూమినియమే. చవక సిలిండరుకు ఆశపడే ముందు ఇది గుర్తుంచుకోవాలి. వంటగ్యాస్ కొట్టి చల్లదనం బ్రహ్మాండం అనిపించుకునే వాళ్లూ ఉన్నారు. చల్లదనం నిజమే, కాయిల్ లీకైతే ఆ గ్యాస్ చేరేది మనం కూర్చునే గదిలోకి.

చాలా షెడ్లలో రికవరీ మిషన్ ఉండదు. కీలు విప్పే ముందు పిన్ను నొక్కి ఉన్నదంతా గాలిలోకి వదిలేస్తారు. 134ఏ ఓజోన్‌ను తినదు గానీ, భూమిని వేడెక్కించడంలో వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్‌కు 1,430 రెట్లు. అర కిలో గాలిలో కలిస్తే 715 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. 310 లీటర్ల పెట్రోలు తగలేసినంత, లీటరుకు పదిహేను ఇచ్చే కారులో విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఎనిమిదిసార్లు వెళ్లి వచ్చినంత. ఈ తరహా గ్యాసులను తగ్గించడానికి 2016లో కుదిరిన కిగాలి సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. 2028లో వాడకానికి గరిష్ఠ హద్దు పడుతుంది, 2032 నుంచి కోత మొదలై 2047కు 85 శాతానికి చేరుతుంది. పాత కార్లు ఉన్నంతకాలం వాటికి 134ఏ కావాలి. సరుకు తగ్గుతూ పోతే ఏటా కొట్టించుకునే అలవాటు ఎంత ఖరీదవుతుందో ఊహించుకోవచ్చు.

అందరూ అన్ని లీకులూ బాగుచేయించుకోవాలని లేదు. ఏడాదిలో అమ్మేసే కారు, మూడేళ్లకోసారి గ్యాస్ అడిగే కాయిల్ అయితే డ్యాష్‌బోర్డు జోలికి పోకుండా నడిపేయడం తెలివైన పనే. పిన్ను, ఓ-రింగులు, గొట్టం, కండెన్సర్ దాకా బాగుచేయించి, అక్కడ ఆగి ఆలోచించుకోవాలి. కానీ ఆ నిర్ణయం తీసుకోవాలంటే ముందు చిల్లు ఎక్కడో తెలియాలి. మెకానిక్ దగ్గరికి వెళ్లి ‘‘ఎంతకు కొడతావు’’ అని అడిగితే అతను గ్యాసే అమ్ముతాడు. ‘‘లీకు వెతికి చూపించు, వెతికినందుకు ఇంత ఇస్తాను, బాగుచేయడం తర్వాత మాట్లాడుకుందాం’’ అంటే బేరం మారుతుంది. పని అయ్యాక ఎన్ని గ్రాములు తీశారో, ఎన్ని నింపారో, ఏ నూనె ఎంత పోశారో, ఏ కీలు మార్చారో కాగితం మీద రాయించుకుని కారు పుస్తకంలో పెట్టాలి. మళ్లీ తగ్గితే ఎంత కాలంలో ఎన్ని గ్రాములు పోయాయో లెక్క దొరుకుతుంది. తర్వాత చూసే మెకానిక్కు వెతుకులాట సగం తగ్గుతుంది.

చలికాలంలో ఏసీ అక్కర్లేదని నెలల తరబడి ఆపేయకండి. కంప్రెషర్ షాఫ్టు సీలును తడిగా ఉంచేది గ్యాస్‌తో కలిసి తిరిగే నూనే. వారానికోసారి పది నిమిషాలు వేస్తే చాలు. డిసెంబరు పొద్దున అద్దాల లోపల పట్టే ఆవిరి కూడా పోతుంది.